ఆదివారాల్లో రాసిన కోడు

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు ఇప్పటికీ నాకు ఫోన్ చేసి ఒకటే అడుగుతారు. "మేడం, ఓపెన్ సోర్స్ అంటే అందరిదీ కదా! మరి దానికి హక్కుదారు ఎవరని వెతకడం ఏమిటి?" అని. నేను రిటైరయ్యాను గానీ ఆ ప్రశ్న రిటైరు కాలేదు. పెళ్లిళ్లలో చుట్టాలు నీ ఉద్యోగం ఏమిటని అడిగితే, "ఎవరిదీ కాదనుకునే వస్తువుకు ఓనరెవరో కనిపెట్టడం" అని చెప్పేదాన్ని. వాళ్లు నవ్వేసి పప్పు వడ్డించుకునేవారు.

ఆ పిల్లల కోసమే ఈ నాలుగు పేజీలు రాస్తున్నాను. నేను బాగా చేసిన పనుల గురించి చెప్పుకోవచ్చు, అవీ కొన్ని ఉన్నాయి. కానీ పద్ధతి ప్రకారం సరిగ్గా చేసి కూడా ఇప్పటికీ మనసులో ముల్లులా ఉండిపోయిన పని ఒకటుంది, దాని గురించే రాస్తాను. ఇందులో ఎవరి పేరూ ఉండదు. ఎందుకు ఉండదో చదివాక మీకే తెలుస్తుంది.

మాది గోదావరిఖని. బాపు బొగ్గుబాయిలో దిగేవాడు, మేము కంపెనీ క్వార్టర్‌లో పెరిగాం. నేను లా చదివి కరీంనగర్ కోర్టులో ఒక వకీలు దగ్గర చాలా ఏళ్లు భూముల కాగితాలు చూశాను. ఈ జాగా అమ్ముతున్నవాడికి అది ఎవరు అమ్మారు, వాళ్లకు ఎవరు అమ్మారు, మధ్యలో ఏ చెల్లెలి సంతకం మిగిలిపోయింది, ఇదే పని. తర్వాత అదే ఊళ్లో ఉచిత సాఫ్ట్‌వేర్‌ను చూసుకునే ఒక చిన్న ట్రస్టులో చేరాను. అక్కడా అదే పని, భూమి బదులు ప్రోగ్రాం. పది మంది కలిసి ఒక ప్రోగ్రాం రాస్తే ఎవరు రాసిన వరుసలు వాళ్లవే. ఎవరైనా వాడుకోండి అనే అనుమతి ఆ రాసినవాళ్లు ఇస్తేనే చెల్లుతుంది. తనది కాని జాగాను ఎవరో చర్చికి దానం రాసిస్తే ఎలా చెల్లదో, ఇదీ అంతే.

కాగజ్‌నగర్ దాటాక అడవి ఊళ్ల మధ్య ఒక మిషన్ ఆసుపత్రి ఉంది. ఆ చుట్టుపక్కల సికిల్ సెల్ జబ్బుతో పుట్టిన పిల్లలు ఎక్కువ. వాళ్లలో కొందరికి తరచూ రక్తం ఎక్కించాలి. ఒకసారి రక్తం ఇచ్చిన మనిషి మళ్లీ ఇవ్వాలంటే కొన్ని నెలలు ఆగాలి. అంటే ఏ పిల్లకు ఎప్పుడు అవసరం పడుతుందో, ఆ గ్రూపు వాళ్లలో ఇప్పుడు ఎవరు ఇవ్వగలరో ముందే చూసుకుని కబురు పెట్టాలి. ఆ ఆసుపత్రిలో ఈ పనంతా ఒక ప్రోగ్రాం చేసేది. తెలుగు వాళ్లకు తెలుగులో, గోండు ఊళ్లకు గోండిలో, మహారాష్ట్ర అంచున ఉన్నవాళ్లకు మరాఠీలో ఫోన్‌కు సందేశం వెళ్లేది. ఆసుపత్రిని నడిపే క్రైస్తవ సంఘంలో కంప్యూటర్ పని తెలిసినవాళ్లు, బయటివాళ్లు కొందరు, జీతం లేకుండా ఏళ్ల తరబడి రాసిన ప్రోగ్రాం అది. దాని బాగోగులు మా ట్రస్టు చూసేది.

ఒకరోజు ఆసుపత్రికి నోటీసు వచ్చింది. ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ అమ్మే కరీంనగర్ కంపెనీ ఒకటి పంపింది. రక్తదాతలను పిలిచే భాగం తమ ప్రోగ్రాంలో ఉన్నదానికి మక్కీకి మక్కీ అనీ, అది తమ సొత్తనీ, వాడటం ఆపాలనీ. ఆసుపత్రి కమిటీ వాళ్లు నోటీసు అనే మాటకే బెదిరిపోయే రకం. అక్కడి మేట్రన్ నాకు ఫోన్ చేసింది.

"మేడం, గిది బంద్ చేస్తే మళ్ల రిజిస్టర్ ముంగట పెట్టుకొని ఒక్కొక్కరికి ఫోన్ కొట్టాలె. అడవిల సగం మందికి సిగ్నలే ఉండది. మెసేజ్ అయితే ఎప్పుడో ఒకప్పుడు అందుతది. కమిటీ వాళ్లు పరేషాన్ అయితుండ్రు. జర జల్ది చూడుండ్రి."

నేనూ మా ప్రోగ్రామరూ కూర్చున్నాం. ఆయనది కాగజ్‌నగర్, తండ్రి పేపర్ మిల్లులో పనిచేశాడు. ముక్కు మీద కోపం, పనిలో మాత్రం వంక పెట్టలేం. మామూలుగా ఇలాంటి కేసు పెద్ద కష్టం కాదు. ఏ వరుస ఎవరు ఎప్పుడు రాశారో ప్రోగ్రాం చరిత్రలోనే నమోదై ఉంటుంది. చూసి, వాళ్లను పలకరించి, మీరే రాశారా, అనుమతి మీరే ఇచ్చారా అని సంతకం తీసుకోవడమే. మిగతా భాగాలన్నిటికీ పేర్లు దొరికాయి. రక్తదాతలను పిలిచే భాగం దగ్గరికి వచ్చేసరికి మొదటి నుంచి చివరి దాకా ఒకే పేరు ఉంది. 'సంఘం'.

ఇక్కడ వాళ్ల అలవాటు ఒకటి చెప్పాలి. ఆదివారం ఆరాధనలో కానుక పళ్లెం తిరిగినప్పుడు వాళ్లు పేరు రాయని కవరులో పెట్టి వేస్తారు. ఎవరు ఎంత వేశారో పక్కవాళ్లకు కూడా తెలియకూడదు. ఆసుపత్రికి ప్రోగ్రాం రాయడం కూడా కానుకే కదా అనుకుని, 'సంఘం' అనే పేరుతో ఒకే ఖాతా తెరిచి, దాని పాస్‌వర్డ్ అందరూ పంచుకున్నారు. ఎవరు ఏం రాసినా సంఘం రాసినట్టే నమోదైంది. వాళ్ల దేవుడికి అది నచ్చే ఉంటుంది. నాకు మాత్రం తల పట్టుకోవాలనిపించింది.

"దొంగపని చేసినోడు పేరు దాచుకుంటడు, అర్థమైతది. మంచి పని చేసినోడు గూడ దాచుకుంటే మనం ఏం చెయ్యాలె మేడం?" అన్నాడు ప్రోగ్రామరు.

ఆ ఖాతా వాడిన వాళ్లందరికీ ఫోన్లు చేశాం. ప్రతి ఒక్కరూ చాలా మర్యాదగా నేను కాదన్నారు, ఫలానా ఆయన అయ్యుంటాడన్నారు. ఆ ఫలానా ఆయన ఇంకొకరి పేరు చెప్పాడు. కొందరు చెప్పడం ఇష్టంలేక అలా అంటున్నారేమోనని అనుమానం కూడా వచ్చింది. కమిటీ వాళ్లు రోజూ ఫోన్ చేసి ఏమైందని అడుగుతుంటే, నేను రోజూ చూస్తున్నామని చెబుతూ వచ్చాను.

చివరికి ప్రోగ్రామరే పట్టుకున్నాడు. ఆ భాగమంతా ఆదివారం మధ్యాహ్నాల్లోనే రాసి ఉందని మాకు ముందే తెలుసు. పని చేస్తుందో లేదో చూడటానికి ఎవరైనా ఉత్తుత్తి పేర్లతో రక్తదాతలను పెట్టి చూస్తారు. ఈ మనిషి మనుషుల పేర్లు పెట్టలేదు. మందమర్రి, బెల్లంపల్లి, రేచిని రోడ్, ఆసిఫాబాద్ రోడ్ అని పెట్టుకుంటూ పోయాడు.

"మేడం, గిది మా పాసింజర్ బండి!" అని ప్రోగ్రామరు కుర్చీలోంచి లేచాడు. "మంచిర్యాలల ఎక్కితే మా ఊరు దాక గిదే వరుస. చూసి రాసింది గాదు, నోటికొచ్చినోడు రాసిండు."

మంచిర్యాలలో ఆ సంఘం పాస్టర్‌కు ఫోన్ చేశాను. ఇన్ని స్టేషన్లు నోటికి వచ్చాయంటే రైల్వే ఇంట్లో పెరిగినవాడై ఉంటాడనుకుని, రైల్వే వాళ్ల పిల్లల్లో కంప్యూటర్ పని తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగాను. "ఒక్కడు ఉండె అమ్మా. వాళ్ల బాపు గేట్‌మన్. పోయిన ఎండకాలం గుండె ఆగి చనిపోయిండు. చిన్న వయసే" అన్నాడు.

మనిషి పోయినా అతను రాసినదాని మీద హక్కు పోదు, వారసులకు వస్తుంది. కాబట్టి ఆయన భార్య సంతకం కావాలి. ప్రోగ్రామరూ నేనూ మంచిర్యాల వెళ్లాం. స్టేషన్‌కు దగ్గర్లో రెండు గదుల కిరాయి ఇల్లు. ఆమె ఒక ప్రైవేటు బడిలో చిన్నపిల్లలకు టీచరు. పిల్లలు లేరు. మేము ఎందుకు వచ్చామో చెబితే మొదట అర్థం కాలేదు. ప్రోగ్రామరు తన కంప్యూటర్ తెరిచి, ఆ రైల్వే స్టేషన్ల వరుస చదివి వినిపించాడు. ఆమె వింటూ వింటూ నవ్వింది, ఆ వెంటనే ఏడ్చింది.

"గాయినే. బండి పేర్లు అప్పజెప్పుకుంట స్నానం చేస్తుండె. చిన్నప్పటి అలవాటు" అంది. తర్వాత నా వైపు తిరిగి, "చర్చి నుంచి వచ్చి, తిని, గా కంప్యూటర్ ముంగట కూసుంటుండె అక్కా. ఏం జేస్తుండవని అడిగితే కానుక అంటుండె. నాకేమో మంట. ఇండ్ల బియ్యం తెచ్చే సోయి ఉండది గానీ కానుకంట అని తిడుతుంటి. అయితే గా పిల్లలకు రక్తం పిలిచేది గాయిన రాసిందేనా?"

"గాయిన రాసిందే."

"ఎంతమంది పిల్లలుంటరు?"

చాలామంది అని చెప్పాను. ఆమె గోడ మీద ఉన్న ఆయన ఫొటో వైపు తిరిగింది. మేము కాగితం తీశాం. సంతకం పెట్టడానికి ఆమెకు అభ్యంతరం ఏమీ లేదు. ఒక్కటే అడిగింది.

"పేరు పెడ్తరా అక్కా? బతికినన్నాళ్లు ఎక్కడ పెట్టుకోలే. పోయినంక అన్న ఒక్కకాడ ఉండనీయుండ్రి."

"ఎందుకు పెట్టం? ప్రతి పేజీ మీద పెడ్తం" అన్నాను. నా ఉద్యోగంలో నాకు నచ్చే భాగం అదే. ఎన్నో ఏళ్లుగా ఎవరికీ తెలియని ఒక మనిషి పేరు సరైన చోట పెట్టించడం. ఆ మాట చెప్పేటప్పుడు నాకు నిజంగా సంతోషంగా ఉంది.

లేవబోతూ మాటల్లో మాటగా, ఆయన ఎక్కడ పనిచేసేవారమ్మా అని అడిగాను. ఆమె చెప్పింది. ఆసుపత్రికి నోటీసు పంపిన కంపెనీ అదే, వాళ్లకు మంచిర్యాలలోనూ ఆఫీసు ఉందట. ప్రోగ్రామరు నా మొహం చూశాడు. నేను ఆ కాగితం మడిచి, సంతకం మళ్లీ వచ్చి తీసుకుంటాం అన్నాను. ఆమె ఏమీ అనుకోలేదు, గుమ్మం దాకా వచ్చి సాగనంపింది.

తిరుగు బస్సులో ప్రోగ్రామరు చెప్పాడు. ఆ కంపెనీలో ఉద్యోగానికి తనూ ఒకప్పుడు వెళ్లాడట. చేరేవాళ్లందరితో సంతకం పెట్టించుకుంటారట: ఉద్యోగంలో ఉన్నన్ని రోజులు, ఆఫీసులో రాసినా ఇంట్లో రాసినా, ఆసుపత్రులకు పనికొచ్చేది ఏం రాసినా అది కంపెనీదే. ఆ షరతు చూసే తను చేరకుండా వచ్చేశాడు. చనిపోయినాయన అది చదివి సంతకం పెట్టాడో, చదవకుండా పెట్టాడో తెలియదు. నాకు తెలిసి ఎవరూ చదవరు, ఉద్యోగం వచ్చిందనే సంతోషంలో ఉంటారు. ఆదివారం కానుకగా రాసినదాన్నే తర్వాత కంపెనీ పనిలోనూ వాడి ఉంటాడు. తను రాసిందే కదా అనుకుని ఉంటాడు.

నా పాత వకీలు దగ్గరికి వెళ్లి అడిగాను. "కొట్లాడొచ్చు. ఇంట్ల కూసొని రాసింది కంపెనీదెట్లయితదని గట్టిగనే అడగొచ్చు. గెలుస్తరు గూడ కావచ్చు. కానీ గెలిచేదాక ఆసుపత్రి దాన్ని ముట్టొద్దు. ఎన్నేండ్లయితదో నేను చెప్పలేను" అన్నాడు.

మా ముందున్న దారులు చూడండి. ఆయనే రాశాడని చెబితే, కంపెనీకి వాళ్ల దగ్గర లేని సాక్ష్యం మేమే చేతిలో పెట్టినట్టు. ఎవరు రాశారో తెలియదంటే, అనుమతి ఇచ్చినవాడే లేడు కాబట్టి వాడటం తప్పు. ఇక మిగిలింది ఒక్కటే. ఆ భాగం మొత్తం తీసిపారేసి, దాన్ని ఒక్కసారి కూడా చూడని మనిషితో మళ్లీ మొదటి నుంచి రాయించడం. మా ప్రోగ్రామరు చూశాడు కాబట్టి ఆయన పనికిరాడు. మంథనిలో ఉండే ఒక లెక్చరరమ్మ ఒప్పుకుంది. ఆమెకు పాత కోడు చూపించకుండా, అది చేయాల్సిన పని మాత్రం నోటితో చెప్పాలి. అందులో చనిపోయినాయన వరుసలు ఉండవు కాబట్టి ఆయన పేరూ ఉండదు.

మా డైరెక్టరు ఒప్పుకున్నాడు, కమిటీ ఒప్పుకుంది. అందరూ హమ్మయ్య అనుకున్నారు. అప్పుడు పాస్టర్ ఫోన్ చేశాడు. చనిపోయినాయన భార్య వెళ్లి తనకు సంగతంతా చెప్పిందట. వచ్చే ఆదివారం ఆరాధనలో ఆమె భర్త పేరు చదివి, దేవునికి కృతజ్ఞతలు చెబుతున్నారట, మీరూ రావాలమ్మా అన్నాడు. సంఘంలో ఆ కంపెనీలో పనిచేసే వాళ్లు ఇంకా ఇద్దరు ముగ్గురు ఉన్నారు. చర్చిలో పేరు చదివితే మర్నాడు కంపెనీకి తెలుస్తుంది. మేము చేస్తున్నదంతా వృథా అవుతుంది.

శనివారం నేను ఒక్కదాన్నే మంచిర్యాల వెళ్లాను. ఫోన్‌లో చెప్పొచ్చు, నాకు మనసొప్పలేదు. ఇంట్లో సర్వపిండి వాసన వస్తోంది. తెల్లచీర ఇస్త్రీ చేసి మంచం మీద పెట్టి ఉంది. ఫొటో అద్దం తుడిచినట్టుంది. రేపు అత్తగారి వైపు వాళ్లు కూడా వస్తున్నారని చెప్పింది. ఆమె అలా సంబరంగా చెబుతుంటే, లేచి వెనక్కి వెళ్లిపోదామా అనిపించింది. కూర్చుని అంతా చెప్పాను.

నేను ఆగాక ఆమె అడిగింది.

"అంటే గాయిన రాయలేదని చెప్పమంటున్నరా?"

"అబద్ధం చెప్పొద్దమ్మా. ఏం చెప్పకుంట ఉంటే చాలు."

"తెలిసి ఉత్తగుంటే అది అబద్ధం గాదా అక్కా?"

కోర్టులో ఆ రెండిటికీ తేడా ఉంటుంది. ఆ ఇంట్లో ఆ తేడా చెప్పడానికి నాకు నోరు రాలేదు.

"ఆరు రోజులు కంపెనీకి, ఏడో రోజు కంప్యూటర్‌కు, నాకు ఏ రోజు అని కొట్లాడేదాన్ని" అంది. "చనిపోయే ముందు ఆదివారం గూడ కొట్లాడిన. గాయిన పోయిన కాంచి గదే గుర్తుకొస్తుండె. మొన్న మీరొచ్చి గిది గిట్ల అని చెప్పినంక జర నిమ్మలమైన. ఉత్తగ కూసోలే, పిల్లల కోసం కూసున్నడు అని అనుకున్న. మంచిగ నిద్ర పట్టింది అక్కా. ఇప్పుడు గది గూడ లేదంటరు."

"గాయిన రాసిండన్నది అబద్ధమైతదా అమ్మా? మీకు తెలుసు, నాకు తెలుసు..."

"మనిద్దరికి తెలిస్తే ఏమొస్తది?" అని గట్టిగా అంది. అప్పుడు ఆమె కళ్లలో నీళ్లు లేవు, కోపం ఉంది. ఆ కోపంలోనే, "తీసేస్తే గా పిల్లలకు రక్తం ఆగుతదా?" అని అడిగింది.

"కొన్ని వారాలు తిప్పలైతది. కొత్తది అయినంక మంచిగనే నడుస్తది."

"తియ్యకుంటే?"

"కమిటీ వాళ్లు భయపడి మొత్తానికే బంద్ పెడ్తరు."

"అయితే తీసేయుండ్రి." లేచి వెళ్లి పొయ్యి ఆపి వచ్చింది. "నాకు మంచిగనిపిస్తలేదు, చెప్తున్న. మీ మీద గూడ కోపమొస్తుంది. మీరు మొదటిసారి రాకుంటే బాగుండు. నాకేం తెల్వకపోతే నేనేం అడగకపోదును."

నా ముందే పాస్టర్‌కు ఫోన్ చేసింది. "అయ్యగారూ, రేపు గా మాట చదవకుండ్రి... లేదయ్యగారూ, గాయిన రాసింది కాదంట. మేము పొరపాటు పడ్డం" అంది. ఉత్తగా ఉండటమే అబద్ధం కదా అని నన్ను అడిగిన మనిషి, ఇంకా పెద్ద అబద్ధం తనే ఆడేసి ఫోన్ పక్కన పెట్టింది. అవతల ఆయన ఏదో ఓదార్పు మాట చెప్పి ఉంటాడు, సరే సరే అంది. సర్వపిండి తినమని నన్ను అడగలేదు. నేను వచ్చేస్తుంటే ఇస్త్రీ చీర తీసి మళ్లీ పెట్టెలో పెడుతోంది.

ఆ తర్వాత జరిగింది రాయడానికి పెద్దగా లేదు. ఆయన వరుసలన్నీ తీసేశాం. పాత చరిత్ర కూడా బయటికి కనిపించే చోటు నుంచి తీసేయాల్సి వచ్చింది. ఆ పని మా ప్రోగ్రామరే చేశాడు. ఆ వారాల్లో మేట్రన్, నర్సులు రిజిస్టర్ పట్టుకుని ఫోన్లు చేశారు. ఒక పిల్లాడికి రక్తం ఆలస్యమై ఒళ్లునొప్పులతో చాలా బాధపడ్డాడు, తర్వాత కోలుకున్నాడు. లెక్చరరమ్మ రాసింది బాగా పనిచేసింది, కొన్ని చోట్ల పాతదానికన్నా వేగం కూడా. కంపెనీ నుంచి మళ్లీ ఉత్తరం రాలేదు. సంఘం వాళ్లు ఆ ఉమ్మడి ఖాతా మూసేశారు. ఇప్పుడు ఎవరి పేరుతో వాళ్లు రాస్తారు, మొదట్లో కొందరు సిగ్గుపడ్డారట.

ఈ పనిలో ఉన్న పిల్లలకు నేను చెప్పేది పెద్ద విషయం కాదు. రాసినదాని కింద పేరు పెట్టండి. అది గొప్ప కోసం అనుకోకండి. ఉద్యోగంలో చేరేటప్పుడు సంతకం పెట్టే కాగితం చదవండి, చదివితే ఉద్యోగం పోదు. ఎవరి ఇంటికైనా మంచి కబురు మోసుకెళ్లే ముందు, దాని వెనక ఇంకేముందో ఒకసారి చూసుకుని వెళ్లండి. ఇవన్నీ ఫైలు మూసేశాక రాసుకోవడం తేలికే.

రిటైరయ్యే ముందు వీడ్కోలు చెప్పడానికి ఆ ఆసుపత్రికి వెళ్లాను. మేట్రన్ టీ ఇచ్చి, కొత్త కంప్యూటర్ చూపించి, ఏవేవో కబుర్లు చెప్పింది. మధ్యలో అంది: "మంచిర్యాల నుంచి ఒకామె వస్తది మేడం. టీచరట. బండి దిగి, బస్సెక్కి వచ్చి రక్తం ఇచ్చిపోతది. ఇచ్చినంక జల్ది పోదు. గీ కంప్యూటర్ పక్కపొంటి కూసొని, మెసేజ్‌లు పోతుంటే చూస్తది. నీకు గీ దవాఖానల ఎవలన్న ఉన్నరా అమ్మా అని ఒకపారి అడిగిన. ఎవలు లేరు అన్నది."

నేను టీ కప్పు కింద పెట్టాను. మేట్రన్‌కు ఏమీ చెప్పలేదు. ఆ తెర మీద నడుస్తున్నది మంథని లెక్చరరమ్మ రాసింది. ఆయన రాసిన వరుస ఒక్కటి కూడా అందులో లేదు. ఆ సంగతి ఆమెకు తెలుసు, చెప్పింది నేనే.